అన్నం ముందు కూర్చుంటే దవడ వాస్తోందా? ముద్దకొక గుక్క నీళ్ళు కావాలా?



ఈ నెల మనం సాధారణంగా ఎవరూ పట్టించుకోని ఒక సంగతి తెలుసుకుందాం. అది మన నోట్లో ఊరే ఉమ్మి. పుస్తకాల్లో దీనినే లాలాజలం అంటారు. ఊరినంతకాలం దాని విలువ మనకు తెలియదు. అది ఊరకపోయినా, ఊరినది బయటికి రాలేకపోయినా మాత్రం అన్నం తినడమే కష్టమవుతుంది. ఈ రెండు కష్టాలతోనూ మా ఆసుపత్రికి వచ్చినవారున్నారు. వారిలో ముగ్గురి గురించి, ఎవరో గుర్తుపట్టకుండా వివరాలు మార్చి, ఇక్కడ రాస్తున్నాము. వారివల్ల మేము నేర్చుకున్నది మీకూ ఉపయోగపడాలని మా ఆశ.

క్యారియరు మూత తీయగానే

దర్జీ పని చేసే ఒక సహోదరుడు కుడి దవడ కింద బిళ్ళ కడుతోందని మూడేళ్ళు తిరిగాడు. వయస్సు నలభై దాటింది. ఊళ్ళో కొందరు గవదబిళ్ళలన్నారు. ఒకరు పసరు కట్టు కట్టారు. మా ఓ.పి.కి కూడా రెండుసార్లు వచ్చాడు. ఆయన ఉదయం ఏమీ తినకుండా వచ్చి వరుసలో కూర్చునేవాడు. డాక్టరుగారు చూసేవేళకు వాపు ఉండేది కాదు. పంటి దోషం వల్ల వచ్చే బిళ్ళే అయి ఉంటుందని అయిదు రోజులకు మాత్రలు రాసి పంపించాము. మాత్రలు వాడిన కొన్నాళ్ళు బాగానే ఉండేది, తరువాత మళ్ళీ మామూలే.

మూడోసారి ఆయన చలిజ్వరంతో, నోరు తెరవలేని స్థితిలో వచ్చాడు. నాలుక కింద ఎర్రగా వాచి చీము వస్తోంది. వార్డులో చేర్చుకొని సలైను, సూది మందులు ఇస్తే నాలుగు రోజులకు జ్వరం తగ్గింది. అయిదవ రోజున రెండో సంవత్సరం చదివే మా నర్సింగ్ విద్యార్థిని వచ్చి ఒక మాట చెప్పింది: "సిస్టరమ్మా, ఆయన భార్య క్యారియరు మూత తీయగానే ఆ దవడ వాస్తోందండీ. తిన్నాక గంటకో రెండు గంటలకో తగ్గిపోతోంది. నిన్నా ఇంతే, ఇవాళా ఇంతే."

ఆ మాట విని డాక్టరుగారు మధ్యాహ్నం భోజనం వేళకే వార్డుకు వచ్చారు. గ్లవ్స్ వేసుకొని ఒక వేలు నాలుక కింద, రెండో చేతి వేళ్ళు దవడ కింద ఉంచి మెల్లగా నొక్కి చూశారు. శనగ గింజంత గట్టి వస్తువు వేలికి తగిలింది. ఎక్స్-రే తీస్తే తెల్లగా కనిపించింది. అది లాలాజల నాళంలో చేరిన రాయి. మూడేళ్ళ బాధకు కారణం అదే.

ఆయనను భోజనం వేళలో చూసి ఉంటే మొదటిసారే తెలిసేది. ఇది మాకు కూడా ఒక పాఠమైంది.

ఉమ్మి ఎక్కడ ఊరుతుంది?

మన నోటి చుట్టూ మూడు జతల పెద్ద లాలాజల గ్రంథులున్నాయి.

1. చెవి ముందున్న గ్రంథులు: చెవితమ్మెకు ముందు, బుగ్గ వెనుక భాగంలో ఇరువైపులా ఉంటాయి. గవదబిళ్ళలు వచ్చినప్పుడు ఎక్కువగా వాచేవి ఇవే. వీటి నాళం బుగ్గ లోపల, పై దవడ రెండవ పెద్ద పన్నుకు ఎదురుగా తెరుచుకుంటుంది.

2. దవడ కింది గ్రంథులు: కింది దవడ ఎముక లోపలి అంచు కింద ఇరువైపులా ఉంటాయి. వీటి నాళం సుమారు 5 సెంటీమీటర్ల పొడవుంటుంది. అది నాలుక కింద, ముందు పళ్ళ వెనుక తెరుచుకుంటుంది. అద్దం ముందు నాలుక పైకెత్తి చూస్తే మధ్యనున్న సన్నని తీగకు అటూ ఇటూ రెండు చిన్న బొడిపెలు కనిపిస్తాయి. అవే వాటి ద్వారాలు.

3. నాలుక కింది గ్రంథులు: వీటిలో ఇవే చిన్నవి. నాలుక కింద మెత్తని చర్మం అడుగున ఉంటాయి.

ఇవిగాక పెదవుల్లో, బుగ్గల్లో, అంగిలిలో కొన్ని వందల చిన్న గ్రంథులున్నాయి. అన్నీ కలిసి రోజుకు అర లీటరు నుండి లీటరున్నర వరకు లాలాజలం తయారు చేస్తాయి. నిద్రలో ఊట చాలా తక్కువ. అన్నం చూసినా, పోపు వాసన తగిలినా, చింతకాయను తలచుకున్నా ఊట పెరుగుతుంది. నోరూరడం అంటే ఇదే.

లాలాజలం పని నోటిని తడపడంతో అయిపోదు. ముద్దను మెత్తబరచి గొంతులోకి జారేటట్టు చేస్తుంది. అన్నంలోని పిండి పదార్థాన్ని నోట్లోనే అరిగించడం మొదలుపెడుతుంది. ఒట్టి అన్నాన్ని బాగా నమిలితే తియ్యగా అనిపించేది అందుకే. పళ్ళను పాడుచేసే ఆమ్లాన్ని విరుస్తుంది. తనలోని కాల్షియం, ఫాస్ఫేటు లవణాలతో పంటి పైపొరను రోజూ మరమ్మతు చేస్తుంది. క్రిములను కడిగివేస్తుంది.

ఈ నాళాల గురించి వివరంగా రాసినవారు సుమారు 350 ఏళ్ళ కిందటి వైద్యులు. దవడ కింది గ్రంథి నాళాన్ని 1656లో తన గ్రంథంలో వర్ణించిన థామస్ వార్టన్ లండను వైద్యుడు. 1665లో ఆ నగరంలో ప్లేగు వచ్చి అనేకులు పారిపోయినప్పుడు ఆయన సెయింట్ థామస్ ఆసుపత్రిలోని తన రోగులను విడిచి వెళ్ళలేదు. చెవి ముందున్న గ్రంథి నాళాన్ని 1660లో ఆమ్‌స్టర్‌డామ్‌లో గొర్రె తలను కోసి పరిశీలిస్తుండగా కనుగొన్నవాడు నీల్స్ స్టెన్సన్ అనే డెన్మార్క్ యువకుడు. తరువాతి కాలంలో ఆయన కథోలిక బిషప్పుగా సేవ చేశాడు. ఈ రెండు నాళాలను వైద్యులు నేటికీ వారి పేర్లతోనే పిలుస్తారు.

రాయి ఎలా తయారవుతుంది?

పళ్ళను బాగుచేసే ఆ కాల్షియం, ఫాస్ఫేటు లవణాలే ఒక్కోసారి నాళంలో పేరుకొని రాయి అవుతాయి. ఊట మందగించి చిక్కబడినప్పుడు జిగురుకో, రాలిన కణాలకో, క్రిములకో చుట్టూ ఈ లవణాలు పొరలు పొరలుగా చేరతాయి. నెలలు, ఏళ్ళు గడిచేకొద్దీ అది ఆవగింజంత నుండి శనగ గింజంత అవుతుంది. అరుదుగా ఇంకా పెద్దదీ కావచ్చు.

లాలాజల రాళ్ళలో నూటికి 80 నుండి 90 దవడ కింది గ్రంథిలోనే వస్తాయి. ఆ గ్రంథి ఊట చిక్కగా ఉంటుంది, దానిలో కాల్షియం ఎక్కువ. నాళం పొడుగు, పైగా ఊట కింది నుండి పైకి ఎక్కవలసి ఉంటుంది. ద్వారం సన్నం. బావిలో నీరు పైకి తోడకపోతే అడుగున మడ్డి చేరినట్టే ఇదీను.

ఎక్కువగా 30 నుండి 60 ఏళ్ళ మధ్యవారిలో వస్తాయి. పిల్లల్లో అరుదు. నీళ్ళు తక్కువ తాగేవారికి, ఊటను తగ్గించే మందులు చాలాకాలం వాడేవారికి, పొగ తాగేవారికి అవకాశం ఎక్కువ. ఎండలో పనిచేసి మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు ముట్టనివారు గమనించగలరు.

"మా ఊరి బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, అందుకే రాయి వచ్చిందా?" అని చాలామంది అడుగుతారు. నీటి కఠినత్వానికి, లాలాజల రాళ్ళకు సంబంధం కనిపించలేదని ఇంగ్లండులో జరిగిన పరిశీలనలో తేలింది. పాలు తాగడం వల్ల, మునగాకు తినడం వల్ల ఈ రాళ్ళు రావు. భయపడి అవి మానవద్దు.

రాయి ఉన్నదని ఎలా తెలుస్తుంది?

ముఖ్యమైన గుర్తు ఒక్కటే. తినబోయేటప్పుడు లేక తింటున్నప్పుడు దవడ కింద ఒకపక్క వాచి లాగినట్టు నొప్పి వస్తుంది. తిన్న తరువాత ఒకటి రెండు గంటల్లో తగ్గిపోతుంది. నోరూరినప్పుడు ఊట పుడుతుంది గాని రాయి అడ్డుండటం వల్ల బయటికి రాదు, గ్రంథి ఉబ్బుతుంది. తరువాత మెల్లమెల్లగా ఊట జారిపోయి వాపు తీస్తుంది.

పంటి దోషం వల్ల వచ్చే బిళ్ళ ఇలా పూటపూటకూ వచ్చి పోదు. గవదబిళ్ళలు సాధారణంగా పిల్లల్లో, జ్వరంతో, చెవి ముందు వస్తాయి. వాపు కొన్ని రోజులపాటు ఉండి తగ్గిపోతుంది.

డాక్టరుగారు వేళ్ళతో తడిమి చూస్తారు. దవడ కింది రాళ్ళలో ఎక్కువ భాగం మామూలు ఎక్స్-రేలోనే కనిపిస్తాయి. చెవి ముందు గ్రంథి రాళ్ళు చాలాసార్లు కనిపించవు. కావున అల్ట్రాసౌండ్ స్కానింగ్, అవసరమైతే సి.టి. స్కాన్ చేయిస్తారు.

వైద్యం

చిన్న రాయి అయితే ముందు ఇంటి వద్ద చేయదగినవి చెబుతాము. నీళ్ళు బాగా తాగాలి. వాపు ఉన్నచోట గోరువెచ్చని కాపడం పెట్టాలి. దవడ కింద వెనుక నుండి ముందుకు, అంటే గడ్డం వైపుకు, వేళ్ళతో మెల్లగా నిమరాలి. నిమ్మ ముక్క చప్పరిస్తే ఊట పెరిగి చిన్న రాయి దానంతటదే బయటపడవచ్చు. అన్నం తింటుండగా ఇసుక రేణువులాంటిది నాలుక మీద పడిందని చెప్పినవారున్నారు. చీము, జ్వరం ఉంటే మాత్రం పులుపు ప్రయోగాలు చేయక వెంటనే ఆసుపత్రికి రావాలి.

నాళం ముందు భాగంలో రాయి తగులుతుంటే, మత్తు సూది వేసి నోటి లోపలి నుండే చిన్న గాటు పెట్టి తీస్తారు. మన దర్జీ సహోదరునికి అలాగే తీశారు. బయట మచ్చ పడలేదు. లోపలి భాగంలో ఉంటే, 1990ల నుండి వాడుకలోకి వచ్చిన సన్నని దుర్భిణీ గొట్టాన్ని నాళంలోకి పంపి చిన్న బుట్టలాంటి తీగతో పట్టి తీసే పద్ధతి ఉంది. ఇది పెద్ద నగరాల్లోని కొన్ని ఆసుపత్రుల్లో చేస్తారు.

ఇవేవీ వీలుకానప్పుడు, గ్రంథి పదేపదే చీము పట్టి పాడైపోయినప్పుడు గ్రంథినే తీసివేస్తారు. కింది పెదవి మూలను కదిలించే నరం, నాలుకకు స్పర్శనిచ్చే నరం, నాలుకను కదిలించే నరం దాని పక్కగానే వెళతాయి. కావున అనుభవం ఉన్న డాక్టరు చేతనే చేయించుకోవాలి. ఒక గ్రంథిని తీసినంత మాత్రాన సాధారణంగా నోరు ఎండిపోదు. మిగిలినవి ఆ పని చూసుకుంటాయి. అయితే మిగిలినవి ఉన్నాయా అన్నదే ప్రశ్న. దాని గురించి తరువాత చెబుతాము.

కన్నీళ్ళు రాని పాప

రెండవ సంగతి ఒక ఏడేళ్ళ పాపది. మామ్మగారు పళ్ళ డాక్టరు వద్దకు తీసుకువచ్చారు. అప్పటికే కింది ముందు పళ్ళతో సహా చాలావరకు పుచ్చిపోయాయి. పిల్లల్లో పాలపళ్ళు పుచ్చడం మామూలే గాని కింది ముందు పళ్ళు పుచ్చడం అంత మామూలు కాదు. లాలాజలం ఎప్పుడూ తడుపుతూ ఉండే చోటు అది. డాక్టరమ్మగారికి అక్కడ అనుమానం వచ్చింది.

మామ్మగారు మాత్రం ఒకటే మాట: "వాళ్ళమ్మ చాక్లెట్లు పెట్టి పెట్టి ఇలా చేసిందమ్మా. ఈ పిల్లా మొండిది. ముద్దకొక గుక్క నీళ్ళు తాగందే మింగదు. సండే స్కూల్లో బిస్కట్టు ఇస్తే జేబులో పెట్టుకొని వస్తుంది." తల్లి తల వంచుకొని నిలబడింది.

రక్తపరీక్షకు సూది గుచ్చినప్పుడు పాప గట్టిగా ఏడ్చింది. బుజ్జగించడానికి ముఖం తుడవబోయిన మా సిస్టరుకు చెంపలు పొడిగానే తగిలాయి. ఏడుపు ఉంది, కన్నీళ్ళు లేవు. పుట్టిన మొదటి కొద్ది వారాలు పసిబిడ్డలకు కన్నీళ్ళు రాకపోవడం సహజం. ఏడేళ్ళ పిల్లకు అది సహజం కాదు.

స్కానింగులో పాపకు చెవి ముందు గ్రంథులు గాని దవడ కింది గ్రంథులు గాని కనిపించలేదు. మెడికల్ కాలేజీ ఆసుపత్రికి పంపితే అక్కడ కూడా అదే నిర్ధారించారు. పాప మొండిదీ కాదు, తల్లి చేసిన తప్పూ కాదు. బిస్కట్టు తడిసి ముద్ద కావడానికి ఆ నోట్లో తగినంత ఉమ్మి లేదు, అంతే.

గ్రంథి లేకుండా ఎందుకు పుడతారు?

గర్భంలో ఆరు నుండి ఎనిమిది వారాల మధ్య, అనేకమంది తల్లులకు గర్భం నిలిచిన సంగతి రూఢిగా తెలిసీ తెలియని రోజుల్లోనే, ఈ గ్రంథులు మొగ్గ తొడుగుతాయి. ఆ మొగ్గ కొమ్మలు వేయాలంటే చుట్టూ ఉన్న కణాల నుండి సంకేతం అందాలి. ఆ సంకేతం చాలకపోతే గ్రంథి ఏర్పడదు, లేదా చిన్నదిగా మిగిలిపోతుంది. 1885లోనే గ్రూబర్ అనే వైద్యుడు దవడ కింది గ్రంథి లేకపోవడాన్ని వర్ణించాడు. కారణం మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది. కన్నీటి గ్రంథులు, లాలాజల గ్రంథులు రెండూ లేని స్వీడను కుటుంబాలను పరిశీలించి 2005లో ఒక జన్యువులోని మార్పు దీనికి కారణమని కనుగొన్నారు. కొందరిలో దీనితోపాటు చెవులు, వేళ్ళు, పళ్ళ ఆకారంలో కూడా తేడాలుంటాయి. ఇది చాలా అరుదైన లోపం.

ఇలాంటి జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. ఒకే కుటుంబంలో ఒకరికి ఎక్కువగా, మరొకరికి తక్కువగా కనిపించవచ్చు. ఇంట్లో ఎవరికీ లేకుండా ఒక్కరికే రావడమూ ఉంది.

ఈ సంగతి వివరించి "మీ ఇంట్లో ఇంకెవరైనా ఇలా ఉన్నారా?" అని అడిగినప్పుడు మామ్మగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "మా అబ్బాయీ చిన్నప్పుడు చెంబు పక్కన పెట్టుకొనే తినేవాడమ్మా. ముప్పై ఏళ్ళకే కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాడు" అన్నారు. అంటే పాప తండ్రి. అన్నేళ్ళూ కోడలి మీద వేసిన నింద ఆ గదిలో తొలగిపోయింది. మామ్మగారు కోడలి చెయ్యి పట్టుకొని బయటికి వెళ్ళారు. తండ్రిదీ తప్పు కాదని వారికి మళ్ళీ చెప్పాము.

గ్రహణం నాడు బయటికి వచ్చినందువల్ల, కడుపుతో ఉన్నప్పుడు ఏదో తిన్నందువల్ల, ఎవరి పాపం వల్లనో బిడ్డ ఇలా పుట్టిందని అనేవారు మన సంఘాల్లోనూ ఉన్నారు. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయం తీసి చదవండి. పుట్టు గుడ్డివానిని చూసి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగితే ప్రభువు అతనినీ నిందించలేదు, అతని తల్లిదండ్రులనూ నిందించలేదు. ఆ తరువాత ఆయన చేసిన స్వస్థతలో వాడినది ఉమ్మినే.

గ్రంథి లేనివారు ఎలా జాగ్రత్తపడాలి?

లేని గ్రంథిని తెచ్చిపెట్టే మందు లేదు. ఊటను పెంచే మాత్రలు ఉన్నాయి గాని గ్రంథి కొంతైనా ఉంటేనే అవి పనిచేస్తాయి. కావున పళ్ళను కాపాడుకోవడమే అసలు వైద్యం.

1. ఉదయం, రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో తోముకోవాలి. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుండి ఆరేళ్ళవారికి బఠాణీ గింజంత పేస్టు చాలు. మింగకుండా చూడాలి. మీ ఊరి నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.
2. ఇటుక పొడి, బొగ్గు, ఉప్పు కల్లులతో తోమవద్దు. తడి లేని పంటిని అవి త్వరగా అరగదీస్తాయి.
3. కనీసం మూడు నెలలకొకసారి పళ్ళ డాక్టరుకు చూపించి, పళ్ళకు ఫ్లోరైడ్ పూత వేయించాలి.
4. నీళ్ళ సీసా ఎప్పుడూ దగ్గర ఉండాలి. బడిలో టీచరుకు చీటీ రాసి ఇవ్వండి. నీళ్ళకోసం లేచిన పిల్లను కోప్పడకుండా ఉంటారు.
5. అన్నంలో పప్పుచారు, మజ్జిగ, పులుసు ధారాళంగా పోయండి. అటుకులు, మరమరాలు, జంతికలు, ఒట్టి రొట్టె పొలమారే ప్రమాదం ఉంది.
6. చాక్లెట్లు, కూల్‌డ్రింకులు, మాటిమాటికీ తీపి టీ మానాలి. కాస్త పెద్ద పిల్లలు చక్కెర లేని చూయింగ్ గమ్ నమలవచ్చు.
7. కన్నీళ్ళు కూడా తక్కువైతే కంటి డాక్టరు చెప్పిన చుక్కలు వాడాలి. లేకపోతే కంటి నల్లగుడ్డు దెబ్బతింటుంది.

ఒకపక్కే లేకపోతే?

మూడవ సంగతి చిన్నదే గాని ముఖ్యమైనది. ఒక సహోదరి కుడి దవడ కింద గడ్డ ఉందని, క్యాన్సరేమోనని ఏడుస్తూ వచ్చింది. నొప్పి లేదు, జ్వరం లేదు. అదే ఊళ్ళో ఒకరికి అలాగే మొదలై చనిపోయారట. రాత్రులు నిద్ర లేదు. ఇంట్లో చెప్పకుండా పిల్లల చదువుకు దాచిన డబ్బు తీసి పట్టుకొని వచ్చింది. స్కానింగు చేస్తే కుడివైపున ఉన్నది గడ్డ కాదు, మామూలు గ్రంథే. కాని కాస్త పెద్దది. ఎడమవైపున గ్రంథి పుట్టుకతోనే లేదు. ఉన్న ఒక్కటీ రెండింటి పని చేస్తూ పెరిగింది. ఇలాంటివారికి నోరు ఎండదు, బాధ ఉండదు, జీవితాంతం తెలియకపోవచ్చు. మందు అవసరం లేదు. నమ్మలేక ఆమె స్కానింగు కాగితాన్ని మా చేత మూడుసార్లు చదివించుకుంది. డబ్బు అలాగే తిరిగి తీసుకువెళ్ళింది.

అయితే ఇలాంటి వ్యక్తికి ఆ ఒక్క గ్రంథిలోనే రాయి చేరితే? అందుకే పైన ఆ ప్రశ్న వేశాము. గ్రంథిని తీసివేయాలని ఎక్కడైనా చెబితే, రెండో పక్కన గ్రంథి ఉన్నదా, మిగిలినవి పనిచేస్తున్నాయా అని స్కానింగులో చూశారా అని మర్యాదగా అడగండి. అడగడం రోగి హక్కు. మంచి డాక్టరు దానికి నొచ్చుకోరు. ఒక్కటే ఉన్నప్పుడు రాయిని తీసి గ్రంథిని కాపాడే మార్గాన్నే ముందు చూస్తారు.

ఒకే నిమ్మకాయ, ఇద్దరికి రెండు రకాలు

రాయి ఉన్నవారికి నిమ్మ ముక్క మేలు చేస్తుందని చెప్పాము. గ్రంథులు లేనివారికి అదే నిమ్మ ముక్క కీడు చేస్తుంది. పులుపును కడిగివేసే ఊట లేదు గనుక ఆమ్లం పంటిని తినేస్తుంది. పొరుగింటివారికి పనిచేసిన చిట్కాను మీ పిల్లకు వాడేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

నోరు ఎండినవారందరికీ గ్రంథులు లేవని కూడా అనుకోవద్దు. మధుమేహం అదుపులో లేనప్పుడు, జలుబుకు, అలర్జీకి, మానసిక వ్యాధులకు వాడే కొన్ని మందుల వల్ల, తలకు మెడకు కరెంటు వైద్యం చేయించుకున్న తరువాత నోరు ఎండుతుంది. పెద్ద వయస్సులో కొత్తగా మొదలైతే ముందు ఇవి చూడాలి. మందులు మీ అంతట మీరే మానవద్దు, వాడే మందుల చీటీ తెచ్చి చూపించండి.

ఆలస్యం చేయకుండా రావలసినవారు

* వాపుతోపాటు జ్వరం, నాలుక కింద చీము, నోరు తెరవలేకపోవడం ఉన్నవారు.
* నాలుక కింద, గొంతు కింద వాపు త్వరగా పెరిగి మింగడానికి, ఊపిరి పీల్చడానికి కష్టమైనవారు. వీరు రాత్రయినా సరే, ఆ క్షణమే రావాలి.
* తిండితో సంబంధం లేకుండా ఎప్పుడూ ఉండి, గట్టిపడుతూ పెరిగే గడ్డ ఉన్నవారు. ముఖం ఒకపక్క వంకర పోతే మరీ తొందరపడాలి. పొగాకు, చుట్ట, అడ్డపొగ అలవాటున్నవారు నోటి పుండ్లను కూడా చూపించుకోవాలి.
* ముద్దముద్దకూ నీళ్ళు కావలసిన పిల్లలు, ఏడిస్తే కన్నీళ్ళు రాని పిల్లలు, కింది ముందు పళ్ళు చిన్నతనంలోనే పుచ్చిన పిల్లలు.

వాచినచోట వాతలు పెట్టించవద్దు, పసరు కట్టవద్దు, సూదితో పొడవవద్దు. ఆసుపత్రికి వచ్చేటప్పుడు పరగడుపున రావాలని కూడా అనుకోవద్దు. తింటే వాపు వస్తుందనిపిస్తే రెండు ఇడ్లీలు కట్టుకొని రండి. ఓ.పి.లో మా ముందే తినండి, మేము చూస్తాము.

చివరిగా ఒక మనవి. మన ఇళ్ళలో భోజనానికి ముందు తల వంచి ప్రార్థన చేసుకుంటాము. ప్రార్థన అయ్యాక ఒక్కసారి తల ఎత్తి పళ్ళెం ముందున్నవారి ముఖాలు కూడా చూడండి. ఎవరి దవడ వాస్తోంది, ఎవరు నీళ్ళకోసం చేయి చాపుతున్నారు, ఏ బిడ్డ రొట్టె ముక్కను నోట్లో పెట్టుకొని మింగలేక కూర్చుంది? మేము మూడేళ్ళు చూడలేకపోయినది ఒక విద్యార్థిని అన్నం వేళలో చూసింది. మీరు రోజూ మూడు పూటలా చూడగలరు.

మన దర్జీ సహోదరుడు ఇప్పుడు సంతోషంగా భోజనం చేస్తున్నాడు. మన పాప సండే స్కూలుకు నీళ్ళ సీసాతో వస్తోంది. బిస్కట్టు అక్కడే తింటోంది. దేవునికి స్తోత్రం.

మీ సేవలో,
నర్సింగ్ సూపరింటెండెంట్ మరియు నర్సింగ్ సిబ్బంది